కానుకల బల్ల మీద గిటారు

1939 జనవరి 21, శనివారం. కంభం.

ఈ నోటుబుక్కు బడిది. పిల్లల హాజరు వేయడానికి మిషను వాళ్లు పంపినవాటిలో ఒకటి మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. అంటే ఈ డైరీ చిన్న దొంగతనంతో మొదలవుతోంది. రాసేదైనా నిజం రాయాలని ఉంది. ఎన్నాళ్లు నిలుస్తానో చూడాలి.

ఈ రోజు నేను గిటారు యజమానినయ్యాను. ఈ తాలూకాలో గిటారు అనే మాట విన్నవాళ్లే పదిమంది ఉండరు. నల్ల పెట్టె, లోపల ఎర్ర మఖమలు, అందులో తేనె రంగు చెక్క, ఆరు తీగలు, గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపు చిప్ప తాపడం. అది దొనకొండలో ఉండే గార్డు దొరది. డిసెంబరులో ఆయన గూడ్సు బండి మా స్టేషన్లో ఆగినప్పుడు, మూత తీసి దాన్ని గుడ్డతో తుడుస్తుండగా చూశాను. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. దొరకు ఆరుగురు పిల్లలు. దొనకొండలో చిక్కటి పాలు దొరకవని దొరసాని రోజూ సణుగుతోందట. మా ఇంట్లో బర్రె ఉంది. ఇది దేవుడు కలిపిన బేరమే అనుకున్నాను.

పొద్దున నా భార్య ఎలీషబా సంతకు నెయ్యి అమ్మడానికి పోయింది. ఆ రెండు గంటల్లో బర్రె గూడ్సు పెట్టె ఎక్కింది, గిటారు మా ఇంటికొచ్చింది. దొర దాని గురించి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. నేను ప్రతి మాటకూ "ఎస్ సార్" అన్నాను. ప్లాట్‌ఫారం మీద పదిమంది చూస్తున్నారు. ఇంగ్లీషు పాఠం చెప్పే పంతులు "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని ఎట్లా అంటాడు?

ఎలీషబా ఇంటికొచ్చి ఏమన్నదో రేపు రాస్తాను.

జనవరి 22, ఆదివారం

ఏమీ అనలేదు.

జనవరి 23, సోమవారం

ఈ రోజు అన్నది.

"అది మా నాయన ఇచ్చిన దూడ. నా చేతుల మీద పెరిగింది."

"ఇంతకంటే మంచి బర్రెను కొందాంలే," అన్నాను.

"ఇంతకంటే మంచి పెండ్లాన్ని గూడా చూసుకో," అని బట్టలు మూటగట్టుకుని పోయింది.

మా అమ్మ వెంకాయమ్మ గడప మీద కూర్చుని అంతా చూసింది. "ఏడికి పోతదిలేరా ఏబేలూ! అర్ధవీడులో వాళ్లమ్మ దగ్గరికే గదా. నాలుగు దినాలుంటే కోపం దిగుతది," అన్నది. నేనూ అదే అనుకున్నాను. ఆదివారానికి వస్తుంది.

జనవరి 26, గురువారం

గిటారును గుండెకు ఆనించుకుని, తీగలను వేళ్లతో అదిమి మూడు రోజులుగా సాధన చేస్తున్నాను. తీగలు చెక్కకు చాలా ఎత్తుగా ఉన్నాయి. అదిమితే వేలు తెగుతోంది, వదిలితే మెట్ల మీద ఇత్తడి గిన్నె దొర్లినట్టు మోగుతోంది. గొప్ప వాద్యాలు అంత తొందరగా లొంగవు మరి.

పెట్టెలో చిన్న అర ఉంది. అందులో వేలెడంత ఉక్కు కడ్డీ, నున్నగా, బరువుగా. పెట్టె ఒరగకుండా పెట్టిన బరువై ఉంటుంది. మా అమ్మ ఆకువక్క దంచుకునే బండ మొన్న విరిగింది కనుక దీన్ని ఆమెకిచ్చాను. చాలా సంతోషించింది. గిటారు వల్ల ఇంట్లో ఒకరికైనా ఉపయోగం కలిగింది.

జనవరి 29, ఆదివారం

ఎలీషబా రాలేదు. ఎడ్లబండ్లు దొరకలేదేమో.

సాయంత్రం గిటారు మోసుకుని బజారులో బ్రహ్మానందం శెట్టిగారి బట్టల దుకాణానికి పోయాను. ఆయనకు మద్రాసు నుంచి తెప్పించిన హార్మోనియం ఉంది, కాళ్లతో తొక్కేది. స్టేషన్లో టిక్కెట్లిచ్చే నరసింహం గారికి ఫిడేలు ఉంది. ప్రతి ఆదివారం వాళ్లిద్దరూ శెట్టిగారి అరుగు మీద కూర్చుని ఒకరి వాద్యాన్ని ఒకరు మెచ్చుకుంటారని ఊరందరికీ తెలుసు. నేను ఇన్నేళ్లూ ఆ అరుగు కింద నిలబడే గుడ్డ కొన్నాను. మావాళ్లెవరైనా అంతే. ఈ రోజు శెట్టిగారు నల్ల పెట్టెను చూసి, నన్ను చూసి, మళ్లీ పెట్టెను చూసి, "పైకి రాప్పా పంతులూ," అన్నారు.

బర్రె పోతే పోయింది. అరుగెక్కాను.

అక్కడొక మర్యాద ఉంది. ఎవరూ నోటితో చెప్పరు గానీ ముగ్గురమూ తప్పలేదు. ఎవరి వాద్యం వాళ్లు మెత్తటి గుడ్డతో తుడవాలి. పక్కవాడు "ఆహా" అనాలి. వాయించమని మాత్రం ఎవరూ ఎవరినీ అడగకూడదు. నరసింహం గారి ఫిడేలుకు ఒక తీగ లేదు, మంచి తీగ బెజవాడ నుంచి రావాలట. శెట్టిగారి హార్మోనియం చలికాలం పలకదట. నేను, "ఈ గాలికి దీన్ని వాయించకూడదని దొర చెప్పాడు," అన్నాను. ఇద్దరూ గౌరవంగా తలలూపారు.

కాఫీ వాళ్లకు వెండి గ్లాసుల్లో వచ్చింది, నాకు అంచు విరిగిన పింగాణీ కప్పులో. అయినా అరుగు మీద తాగాను.

ఫిబ్రవరి 5, ఆదివారం

అరుగు. ఆహా. కాఫీ.

ఎలీషబా రాలేదు. నేను వెళ్లి పిలవాలా? తప్పు చేసినవాడు కదా పోయి పిలవాల్సింది. నేను చేసింది తప్పని ఇంకా తేలలేదు.

ఫిబ్రవరి 11, శనివారం

పంతుళ్ల మీటింగుకని మార్కాపురం పోయాను. గిటారుతో మీటింగులో పని లేదు, అయినా తీసుకుపోయాను. రైల్లో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా అడుగుతారని కూర్చున్నాను. తర్లుపాడులో ఒకామె ఎక్కి, నన్నూ పెట్టెనూ చూసి, "టీకాలాయన!" అని పిల్లను చంకనేసుకుని పక్క పెట్టెలోకి పారిపోయింది. మీటింగులో మాత్రం అందరూ చూశారు. వాయించమన్నారు. గొంతు బాగా లేదన్నాను. గిటారుకూ గొంతుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. పంతుళ్లు కదా.

ఇంటికొస్తే మజ్జిగ లేదు. మజ్జిగ లేక మూడు వారాలైంది. మా అమ్మ చారు పోసింది.

ఫిబ్రవరి 20, సోమవారం

బడికి ఉత్తరం వచ్చింది. గార్డు దొర రాశాడు, ఇంగ్లీషులో. ఈసారి నిఘంటువు దగ్గర పెట్టుకుని మూడుసార్లు చదివాను. సారాంశం ఇది:

"పంతులు గారూ, మీ బర్రె మా ఇంట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. పాలమనిషిని రెండుసార్లు తన్నింది. మీ భార్య ఇక్కడికి వచ్చి నాలుగు వారాలైంది. ఆమె పిండితేనే పాలిస్తుంది. నా భార్యకు సంతోషమే, కానీ మీ భార్య వసారాలో పడుకుంటోంది. దయచేసి గిటారు తెచ్చి ఇచ్చి, రెండింటినీ తోలుకుపొండి. వాయించే ఉక్కు కడ్డీని మరువకండి. అది మా తండ్రిది."

అర్ధవీడు కాదు, దొనకొండ! నేను పుట్టింట్లో అలిగి కూర్చుందనుకున్నాను. ఆమె బర్రె వెనకాలే పోయింది. "రెండింటినీ తోలుకుపొండి" అన్నచోట పక్కున నవ్వాను. దొర చమత్కారి.

రేపే బండెక్కాలి. గిటారు ఇచ్చేసి ఆమెను తెచ్చుకోవాలి. ఇందులో ఆలోచించాల్సింది లేదు.

వాయించే ఉక్కు కడ్డీ ఏమిటి?

అదే రోజు, ఇంకాసేపటికి

మా అమ్మ రోట్లోంచి కడ్డీని లాక్కుని కడిగాను. గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, కడ్డీని తీగల మీద ఆనించి జరిపాను.

తీగ ఏడ్చింది. మనిషి గొంతుతో, కింది నుంచి పైకి, తెగకుండా. వంటింట్లోంచి మా అమ్మ, "ఎవర్రా ఆ ఆడమనిషి?" అని పరుగెత్తుకొచ్చింది. తీగలు అంత ఎత్తుగా ఎందుకున్నాయో, దొర ఆ రోజు చేతులు తిప్పి తిప్పి ఏం చెప్పాడో ఇప్పుడు తెలిసింది. నెల రోజులు దీన్ని పసిపిల్లలా ఎత్తుకు తిరిగాను. పడుకోబెట్టాలని తోచలేదు.

ఫిబ్రవరి 21, మంగళవారం

పోలేదు. బడికి సెలవు దొరకలేదు. (నేను అడగలేదు.)

ఫిబ్రవరి 23, గురువారం

ఒక కీర్తన మొదటి రెండు చరణాలు దాదాపు వచ్చాయి. "దాదాపు" అన్న మాట ఎలీషబా ఉంటే కొట్టేసేది. ఆమె చెవి గట్టిది, చర్చిలో పాట ఎత్తేది ఆమే. నెల నుంచి మా చర్చిలో పాటలన్నీ నీరసంగానే ఉన్నాయి.

స్టేషన్లో నరసింహం గారు కనపడితే, మా ఆమె దొనకొండలో ఉందట అన్నాను.

"తెలుసప్పా. ఆయమ్మకు టిక్కెట్టు నేనే ఇచ్చినా."

"నాకు చెప్పలేదేందండీ?"

"వాద్యాలు పెట్టుకోని కూచున్నప్పుడు ఇంటి సంగతులెందుకు?" అన్నారు. మర్యాదస్తుడు.

ఫిబ్రవరి 25, శనివారం

రేపు మా చర్చిలో కోత పండుగ. చుట్టుపక్కల పల్లెలన్నీ వస్తాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అందరి ముందూ వాయించి, సోమవారం బండికి దొనకొండ పోతాను. నెల ఆగిన మనిషి ఒక ఆదివారం ఆగదా? పైగా వాయిస్తే దేవుని మహిమ కోసమే.

దేవుని మహిమ అని రాస్తుంటే కలం కాస్త ఆగింది. నిబ్బు పాతది.

ఫిబ్రవరి 26, ఆదివారం

ఏం జరిగిందో వరుసగా రాయాలి. రాస్తే నాకైనా అర్థమవుతుంది.

మా చర్చిలో అందరమూ చాపల మీద కూర్చుంటాం. నేనూ చాప మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకుని వాయించవచ్చు. కానీ వెనక వరసల వాళ్లకు కనపడదు. అక్కడున్నది ఒకటే బల్ల, కానుకల బల్ల. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్లు కట్టేసిన కోళ్లు దాని మీద పెట్టి ఉన్నాయి. రెండు గుమ్మడికాయలు పక్కకు జరిపి, గిటారును అక్కడ పడుకోబెట్టి, నిలబడి వాయించాను.

మొదటి చరణం పలికింది. జనం ఊపిరి బిగబట్టారు. రెండో చరణంలో కడ్డీ జారి ఒక స్వరం ఎటో పోయింది, దాంతో ఒక కోడి అరిచింది. అయినా ముసలి మల్లమ్మ కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. కడ్డీని జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాను. గిటారును వెంటనే తీసుకోవాల్సింది. తీసుకోలేదు. పాస్టరుగారి ప్రసంగం అయ్యేదాకా జనం దాన్ని చూస్తూ ఉంటారు గదా అని వదిలేశాను.

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు బల్ల మీద చేతులుంచి, "ఈ బల్ల మీద నీ బిడ్డలు పెట్టిన సమస్తమూ నీదే తండ్రీ, అంగీకరించు," అని ప్రార్థించారు. నేను అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాను.

కోత పండుగ నాడు బల్ల మీద పెట్టింది దేవునిది. ప్రార్థన కాగానే ఆవరణలోకి తెచ్చి వేలం వేస్తారు, వచ్చిన డబ్బు సంఘానికి. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. గుమ్మడికాయలైనాయి, కోళ్లైనాయి. తర్వాత సంఘపెద్ద దేవదానం గిటారును రెండు చేతులా ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడు.

"చూడండయ్యా! మన ఏబేలు పంతులు తన ప్రాణమట్లాంటిది తెచ్చి దేవుని బల్ల మీద పెట్టినాడు! ఇట్లాంటి కానుక ఎవురన్నా ఇచ్చినారా ఈ సంఘంలో?"

అప్పుడైనా నోరు తెరవవచ్చు. "పొరపాటు దేవదానం మామా, అది వాయించడానికి పెట్టిన," అంటే ఒక నిమిషం నవ్వేవాళ్లు, అంతే. కానీ పోయిన వారమే బడిలో పిల్లలకు, దేవునికిచ్చింది వెనక్కి అడగరాదని పాఠం చెప్పాను. అది సగం కారణమే. మిగతా సగం ఏమిటంటే, జనమంతా నావైపు చూస్తూ, "అబ్బ, ఎంత మనసు!" అంటున్నారు. నాకు బాగుంది. ఎలీషబాను తెచ్చే గిటారు నా కళ్ల ముందు పోతుంటే, పొగడ్త విని వినయంగా తల కూడా వంచాను. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

వేలంలో నేనే పాడాను. నా నెల జీతం దాకా పోయాను. కానీ అక్కడ బ్రహ్మానందం శెట్టిగారు కూడా ఉన్నారు. ఏటా చౌకగా జొన్నలు కొనడానికి వస్తారు. నేను ఎంతంటే ఆయన దానికి మించి అన్నారు. అంతకు మించి నా దగ్గర లేదు. దేవదానం మూడుసార్లు చెప్పి, గిటారు ఆయన చేతికిచ్చాడు.

పాస్టరుగారు నా భుజం తట్టి, "నీ ఇల్లు దీవించబడుతుంది పంతులూ," అన్నారు. ఇంట్లో మా అమ్మా నేనూ చారన్నం తిన్నాం.

ఫిబ్రవరి 28, మంగళవారం

సోమవారం బండికి పోలేదు. వట్టి చేతులతో ఏం పోను?

ఈ రోజు శెట్టిగారి దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద గిటారును గుండెకు ఆనించుకుని కూర్చున్నారు. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. కడ్డీ సంగతి ఆయనకు తెలియదు. అది నా జేబులోనే ఉంది, చెప్పలేదు. అంత మంచితనం నాలో మిగలలేదు.

"రాగాలు పలుకుతున్నాయి పంతులూ," అన్నారు.

"ఆహా," అన్నాను. అలవాటు.

పైకి రమ్మనలేదు. కిందనే నిలబడి అంతా చెప్పాను. బర్రె సంగతి, ఎలీషబా సంగతి, ఉత్తరం సంగతి, నాకు వాయించడం రాదన్న సంగతి కూడా. జీతం నెలనెలా కట్టి తీర్చుకుంటాను, గిటారు ఇవ్వండి అన్నాను.

ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయ్యో, ముందే చెప్పకపోతివే! ఇప్పుడేమో దేవుని సొమ్మాయె. మీ దేవుడైతే ఏంది, మా దేవుడైతే ఏంది? ప్రార్థన చేసి అమ్మినదాన్ని తిరిగిస్తే నాకు పాపం చుట్టుకోదా?" అన్నారు. తర్వాత గుడ్డ తీసి దాన్ని తుడవడం మొదలుపెట్టారు.

మార్చి 1, బుధవారం. దొనకొండ.

మొదట దొరను కలిశాను. కడ్డీ చేతికిచ్చి, గిటారు పోయిన తీరు ఇంగ్లీషులో చెప్పబోయాను. రెండు వాక్యాలకే ఆయన చేయెత్తి, "తెలుగులో చెప్పు," అన్నాడు, తెలుగులోనే. ఆయన గుంతకల్లులో పుట్టాడట.

"మరి ఆ రోజు ఇంగ్లీషులో చెప్పినారు గదా!"

"నువ్వు ఇంగ్లీషు పంతులువి గదా. తెలుగులో అడిగింటే తెలుగులోనే చెప్పేవాణ్ణి."

కథంతా విన్నాక ఆయన నవ్వలేదు. కడ్డీని ఎండలోకి పట్టుకుని, దానికంటిన ఎర్ర మరకను బొటనవేలితో రుద్దుతూ లోపలికి పోయాడు. శెట్టిని తానే చూసుకుంటాడట.

ఎలీషబా క్వార్టర్సు వెనక పాలు పిండుతోంది. బర్రె నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఎలీషబా తిప్పుకోలేదు, చూసింది. నా చేతులు చూసింది.

"గిటారేది?"

చెప్పాను. గుమ్మడికాయల దగ్గర్నుంచి మొదలుపెట్టి, తల వంచిన సంగతి కూడా వదలకుండా చెప్పాను. కోడి అరిచిందన్నప్పుడు ఆమె పెదవి కాస్త కదిలినట్టనిపించింది.

"పాట బాగా వచ్చిందా?" అని అడిగింది.

"లేదు."

నెల రోజుల్లో ఎవరికైనా ఈ మాట చెప్పడం ఇది రెండోసారి. ఆమె మళ్లీ పిండసాగింది. కాసేపటికి అటు చూస్తూనే అడిగింది.

"దొర ఉత్తరం నీకు ఎప్పుడు అందింది?"

నిన్ననే అందిందని చెప్పవచ్చు. తపాలా ఆలస్యమవుతూనే ఉంటుంది. అడిగితే నరసింహం గారు మర్యాదగా సాక్ష్యం కూడా చెబుతారు.

"పోయిన సోమవారం గాక, ఆ ముందు సోమవారం," అన్నాను. "తొమ్మిది దినాలైంది."

చెంబు నిండేదాకా పిండింది. లేచి, చెంబు మీద గుడ్డ కప్పి, అప్పుడు చెప్పింది.

"ఆ ఉత్తరం దొర రాసింది కాదు. నేను చెప్తా ఉంటే ఆయన ఇంగ్లీషు చేసినాడు. రెండింటినీ తోలుకపొమ్మని రాయమన్నది నేనే. సదివి నవ్వుతావనుకున్నా. నవ్వి, మరుసటి దినం బండెక్కి వస్తావనుకున్నా."

బర్రె తాడు సరిచేసి మళ్లీ అన్నది.

"కంభం బండి వచ్చినప్పుడల్లా స్టేషన్ గేటు కాడికి పోయి నిలబడినా. దినామూ పోయినా."

చెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను చదివి నిజంగానే నవ్వానని ఆమెకు చెప్పలేకపోయాను.

మార్చి 2, గురువారం

పొద్దున కంభం పోయే బండి కూతేసింది. ఆమె నాతో వస్తాననలేదు. నన్ను పొమ్మనీ అనలేదు. బండి పోయింది.

దొరసాని నాకో కొడవలి ఇచ్చి, రైలు కట్ట కింద గడ్డి ఉందని చూపించింది. రెండు మోపులు కోసుకొచ్చాను. బర్రె తిన్నది. ఎలీషబా చూసింది.

బడికి సెలవు చీటీ రాశాను. ఎన్ని రోజులని రాయాలో తెలియక ఆ చోటు ఖాళీగా వదిలి, గార్డు దొర చేతికిచ్చి పంపాను.